లిస్బన్: ఎక్కడానికి లిఫ్టు, దిగడానికి కాళ్లు

మ్యాపులో చూస్తే పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పాత ఊరు అరచేతిలో పట్టేంతే. రొస్సియు చౌరస్తా నుంచి సావ్ జోర్జ్ కోట దాకా గీత గీస్తే అర కిలోమీటరు. ఆ గీతను నమ్ముకుని బయల్దేరినవాళ్లు సగం దారిలో గోడకు చేరగిలబడి నీళ్లు తాగుతూ కనిపిస్తారు. కోట ఉన్న కొండ దాదాపు 110 మీటర్ల ఎత్తు. మ్యాపు మీటర్లు చెబుతుంది గానీ మెట్లు చెప్పదు. కోట దిగి, బైషా లోయ దాటి, ఎదురుగా ఉన్న షియాదు ఎక్కి, మళ్లీ దిగితే ఒక్క పూటలోనే మోకాళ్ల పని అయిపోతుంది.

అందుకే ఇక్కడ రోజు ప్లాను ఎత్తుల లెక్కన వేసుకోవాలి. ఎక్కే పని లిఫ్టుకో, బస్సుకో, ఎస్కలేటర్‌కో అప్పగించి, దిగేటప్పుడు మాత్రం నడవాలి. చూడదగ్గవి చాలావరకు ఆ వాలు పొడుగునా ఉంటాయి. మూడు రోజులు ఉంటే నింపాదిగా తిరగొచ్చు: ఒకటి కోట కింది అల్ఫామా, దాని పక్క లోయలోని బైషాలకు, ఒకటి నది ఒడ్డున పాత రేవు బెలెంకు, ఒకటి 1998లో వెలసిన కొత్త పేటకు.

ఏది పాతదో ఏది కొత్తదో గైడు లేకుండా పోల్చుకోవడానికి ఒక్క తేదీ తెలిస్తే చాలు. 1755 నవంబరు 1 ఉదయం, సకల పునీతుల పండగ నాడు, చర్చిల నిండా జనం, దీపాలు ఉన్న వేళ పెద్ద భూకంపం వచ్చింది. వెనకే సునామీ. ఆ తర్వాత రోజుల తరబడి మంటలు. గట్టి రాతి మీద కూర్చున్న అల్ఫామా చాలావరకు నిలిచింది. నది ఒండ్రు మీద లేచిన బైషా నేలమట్టమైంది. కాబట్టి సందు వంకర తిరిగితే మీరు భూకంపానికి ముందు ఊళ్లో ఉన్నారు. వీధులు గళ్లనోటు పుస్తకంలా తిన్నగా ఉంటే తర్వాత కట్టిన ఊళ్లో ఉన్నారు. నేల చదునుగా, రోడ్డు వెడల్పుగా, మేడలు అద్దాలతో ఉంటే అది నిన్నమొన్నటి ఊరు.

బయల్దేరే ముందు

చెప్పుల సంగతి ముందు తేల్చుకోండి. లిస్బన్ కాలిబాటలన్నీ చిన్న చిన్న సున్నపురాయి ముక్కలు పరిచినవి, దాన్ని కల్సాడా అంటారు. ఏళ్ల తరబడి జనం నడిచి నడిచి అవి బాత్రూం పలకల్లా నునుపెక్కాయి. వాన పడితే సరే, ఎండలో కూడా దిగుడు వాలులో జారతాయి. అడుగున గాట్లున్న రబ్బరు సోలు బూట్లే వేసుకోండి. అరిగిన చెప్పులు, తోలు సోలు బూట్లు, హీల్స్ పనికిరావు. జారేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. వాన పడ్డ రోజు వాలు వీధి దిగాల్సి వస్తే గోడ పక్కన కడ్డీ ఉన్న మెట్లదారి వెతుక్కోండి.

ఇదే లెక్క బసకూ వర్తిస్తుంది. అల్ఫామాలో గది ఫొటోల్లో ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ సందుల్లోకి కారు రాదు, పాత ఇళ్లలో లిఫ్టు ఉండదు, చక్రాల సూట్‌కేసు రాళ్ల మీద దొర్లదు. బుక్ చేసేముందు ఇంటివాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: కారు ఆగే చోటు నుంచి ఎన్ని మెట్లు? గది ఎన్నో అంతస్తు? యూరప్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చి, ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకుని తిప్పేవాళ్లయితే ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. బైషాలోనో, మెట్రో స్టేషన్ దగ్గర చదునైన వీధిలోనో లిఫ్టున్న బస తీసుకోండి.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలు. జులై, ఆగస్టుల ఎండకు యూరప్‌వాళ్లు బెంబేలెత్తుతారు గానీ రోహిణీకార్తె చూసినవాళ్లకు అదేం పెద్ద లెక్క కాదు. సాయంత్రం నది గాలికి మాత్రం పల్చటి జాకెట్ కావాలి. జూన్ 12 రాత్రి సెయింట్ ఆంథోనీ పండగ. అల్ఫామా సందులన్నీ చేపలు కాల్చే పొగతో, పాటలతో నిండిపోతాయి. తిరునాళ్ల సందడి ఇష్టమైతే ఆ రోజే వెళ్లండి. చేపల వాసన గిట్టనివాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్లు ఆ రోజు తప్పించుకోండి.

కార్డు, ట్రాము, లిఫ్టులు

బస్సు, మెట్రో, ట్రాము అన్నింటికీ నవెగాంత్ అనే కార్డు ఒకటే. ఖాళీ కార్డు ధర 50 సెంట్లు, మెట్రో స్టేషన్ల మెషీన్లలో దొరుకుతుంది, మెషీన్‌లో ఇంగ్లిష్ కూడా ఉంటుంది. మనిషికో కార్డు తప్పనిసరి. నలుగురు కలిసి ఒక కార్డు గీకడం కుదరదు. ఎక్కువమంది తికమకపడేది తర్వాతి మెట్టులో. ఒక కార్డులో ఒకసారికి ఒక రకం టికెట్టే ఉంటుంది. డబ్బులు వేసి ప్రయాణానికింత అని కోయించుకునే పద్ధతిని సాపింగ్ అంటారు. అది ఒక రకం. 24 గంటల పాసు ఇంకో రకం. సాపింగ్ డబ్బు మిగిలి ఉన్న కార్డు మీద పాసు ఎక్కదు. రెండూ కావాలంటే ఇంకో 50 సెంట్లు పెట్టి రెండో కార్డు కొని, పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

రోజుకు నాలుగైదుకు మించి ఎక్కిదిగుతుంటే 24 గంటల పాసు గిట్టుబాటు. గడియారం మొదలయ్యేది కొన్నప్పుడు కాదు, మొదటిసారి గీకినప్పుడు. అంటే మధ్యాహ్నం 12కు గీకితే మర్నాడు ఉదయం తిరుగుడు కూడా అందులోనే కలిసొస్తుంది. మామూలు పాసు బస్సులు, ట్రాములు, మెట్రోకే చెల్లుతుంది. లోకల్ రైలుకు, నది దాటే ఫెర్రీకి వేరే రకం పాసో, సాపింగో కావాలి. మెట్రో గేట్ల దగ్గర మామూలు బ్యాంకు కార్డు తాకించినా తలుపు తెరుచుకుంటుంది. విమానాశ్రయం స్టేషన్‌లో మెషీన్ల ముందు క్యూ పొడుగ్గా ఉంటే ఇదే దారి. బయటికి వచ్చేటప్పుడూ గేటు అడుగుతుంది, కార్డు జేబు అడుగున పెట్టేయకండి. ట్రాములో డ్రైవరు దగ్గర టికెట్టు కొంటే సాపింగ్ ధరకు దాదాపు రెట్టింపు పడుతుంది.

28 నంబరు ట్రాము లేకుండా లిస్బన్ ఫొటో ఉండదు. మర్తీం మొనీజ్ నుంచి గ్రాసా, అల్ఫామా, బైషా, ఎష్త్రెలా మీదుగా కాంపు దె ఔరీక్ దాకా నడుస్తుంది. పట్టాల మధ్య వెడల్పు 900 మిల్లీమీటర్లే, మన మీటరు గేజ్ కన్నా సన్నం. పెట్టె కూడా అంతే బుల్లిది, కూర్చునే సీట్లు ఇరవై చిల్లర. మర్తీం మొనీజ్‌లో పది గంటల తర్వాత క్యూలో నిలబడితే గంట పోతుంది. రెండు మార్గాలున్నాయి. ఉదయం ఎనిమిదిలోపు ఎక్కడం ఒకటి. రెండో చివర, కాంపు దె ఔరీక్‌లోని శ్మశానం గేటు దగ్గర ఎక్కి ఇటు రావడం ఇంకొకటి. అక్కడ కూర్చోవడానికి సీటు దొరికే అవకాశం ఎక్కువ. అదీ కాదనుకుంటే 12 నంబరు ట్రాము ఎక్కండి. అదే రకం పాత పెట్టె, అల్ఫామా చుట్టూ చిన్న చుట్టు తిరిగొస్తుంది.

28లో జేబుదొంగలు ఎక్కువ. మెట్టు మీద కాలు పెట్టే క్షణంలోనే వెనకనుంచి ఒకడు తోస్తాడు, పక్కనుంచి ఇంకొకడు జిప్పు తీస్తాడు. పాస్‌పోర్టు బసలోనే దాచి, బ్యాగు కడుపు మీదికి తిప్పుకుని, ఫోను చేతిలో కాకుండా లోపలి జేబులో పెట్టుకుని ఎక్కండి. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వీడియో తీయకండి. కొన్నిచోట్ల గోడకూ ట్రాముకూ జానెడు సందే ఉంటుంది.

కొండలెక్కే తాడు ట్రాములు కూడా లిస్బన్‌కు పేరు తెచ్చినవే. 2025 సెప్టెంబరు 3న వాటిలో ఒకటైన గ్లోరియా పట్టాలు తప్పి 16 మంది చనిపోయారు, దాంతో మిగతావి కూడా తనిఖీలకు ఆపేశారు. ఏది నడుస్తోందో ముందురోజు వాటిని నడిపే కారిస్ సంస్థ సైట్‌లో చూసుకోండి, వాటి మీద ఆధారపడకుండానే ప్లాను వేసుకోండి. ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా కొండెక్కించే యంత్రాలు వేరే ఉన్నాయి:

బైషా వైపు రువా దుష్ ఫంకైరుష్ వీధిలో ఒక మామూలు భవనంలో కోట లిఫ్టు ఉంది. అది ఎక్కి రువా దా మదలేనాలోకి వచ్చి, ఎదురుగా కనిపించే సూపర్‌మార్కెట్ మేడలోకి వెళ్తే రెండో లిఫ్టు. ఆ మేడ పైన కార్ల పార్కింగు, దాని పైన డాబా. అక్కడ దిగితే కోట గోడ కిందికి చేరినట్టే.

మర్తీం మొనీజ్ చౌక్ పక్కన ఎష్కదీన్యష్ దా సౌద్ అనే మెట్లదారిలో బయటే ఎస్కలేటర్లు ఉన్నాయి.

బైషా-షియాదు మెట్రో స్టేషన్‌కు రెండు గుమ్మాలు, ఒకటి లోయలో, ఒకటి గుట్ట మీద. వాటిని కలిపే ఎస్కలేటర్లు టికెట్ గేట్ల బయటే ఉంటాయి. కార్డు తీయకుండానే షియాదు చేరొచ్చు. అప్పుడప్పుడు ఒకటి రెండు ఆగిపోయి ఉంటాయి, అదొక్కటే చిక్కు.

కాళ్లు బొత్తిగా సహకరించనివాళ్లకు ప్రాసా దా ఫిగైరా నుంచి 737 నంబరు చిన్న బస్సు నేరుగా కోట దాకా పోతుంది, దీనికి మాత్రం టికెట్టు కావాలి.

ఈ సంగతి తెలిస్తే సాంతా జుష్తా లిఫ్టు కింద క్యూలో నిలబడక్కర్లేదు. 1902 నాటి ఇనుప గోపురం అది, 45 మీటర్ల ఎత్తు, చూడ్డానికి గొప్పగా ఉంటుంది. అయితే ఆ అందం వీధిలోంచి కనిపించేదే, లోపల నిలబడితే కనిపించేది ముందున్నవాళ్ల వీపు. మెట్రో ఎస్కలేటర్‌తో షియాదు ఎక్కి కార్ము మఠం పక్క నుంచి వస్తే దాని పై వంతెన మీదికే చేరతారు.

అల్ఫామా: పై నుంచి కిందికి

కోట తొమ్మిదికి తెరుస్తారు. మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రి తొమ్మిది వరకు, చలికాలంలో సాయంత్రం ఆరు వరకు ఉంటుంది. టికెట్టు ఆన్‌లైన్లో తీసుకుని తొమ్మిదికే గుమ్మం ముందుండండి. పదిన్నరకు టూరు బృందాలు దిగుతాయి. లోపల చూసేది రాజభవనం కాదు, బురుజులూ గోడలూ, వాటి మీద నుంచి కనిపించే ఊరూ. 1147లో అఫోన్సు హెన్రికిష్ రాజు మూర్ల (అప్పటి ముస్లిం పాలకుల) నుంచి గెలుచుకున్న కోట ఇది. గోడ మీద కడ్డీలు లేని చోట్లున్నాయి, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

అక్కడినుంచి ఐదారు నిమిషాలు దిగితే పోర్తష్ దు సోల్ అరుగు. కింద ఎర్ర పెంకుల అల్ఫామా, దాని అవతల సముద్రమా అనిపించేంత వెడల్పున నది. ఆ నది పేరు తేజు, ఇంగ్లిష్ మ్యాపుల్లో టేగస్. పక్కనే సాంతా లూజియా చర్చి. అందరూ అరుగు మీద ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు చర్చి బయటి గోడ చూడండి. నీలి పలకల మీద రెండు పెద్ద బొమ్మలుంటాయి. ఒకటి 1147 నాటి ముట్టడి, రెండోది భూకంపానికి ముందు నది ఒడ్డున ఉన్న రాజప్రాసాదపు చౌక్. మధ్యాహ్నం మీరు అదే చౌక్‌లో నిలబడతారు కాబట్టి ఈ బొమ్మను ఫోనులో తీసి ఉంచుకోండి.

చర్చి పక్కనుంచి పాత గోడ వెంబడే దిగే మెట్లదారి ఉంది, పేరు రువా నొర్బెర్తు దె అరౌజు. ఇక మ్యాపు మూసేయొచ్చు. ఆ సందుల్లో జీపీఎస్ గోడలకు తగిలి పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: కిందికి దిగే ఏ దారైనా నదికే చేరుస్తుంది. సావ్ మిగెల్ చర్చి ముందు చిన్న చౌక్, ఆరేసిన బట్టలు, కిటికీల్లోంచి మాట్లాడుకునే ముసలమ్మలు. ఇది జనం కాపురాలున్న పేట, ప్రదర్శనశాల కాదు. కిటికీలోకి కెమెరా పెట్టడం, గడప మీద కూర్చుని తినడం వాళ్లకు గిట్టదు. దారి లార్గు దు షఫరీజ్ దె దెంత్రు దగ్గర తేలుతుంది. అక్కడే ఫాదు అనే లిస్బన్ విషాద గీతాల మ్యూజియం.

అల్ఫామా అన్న పేరు అరబిక్‌లో స్నానాలగది, వేడినీటి ఊట అన్న మాట నుంచి వచ్చింది. పేటంతా ఈ నీళ్ల చుట్టూనే పుట్టింది.

మంగళవారమో శనివారమో అయితే సావ్ విసెంత్ చర్చి వెనక, కాంపు దె సాంతా క్లారాలో ఫైరా దా లాద్రా అంగడి పెడతారు. పాత పలకలు, ఇత్తడి సామాను, గ్రామఫోను రికార్డులు. పలకలు కొనాలని చెయ్యి లాగితే ఆగండి. పాత గోడల నుంచి ఊడబెరికిన దొంగ పలకలు కూడా అంగళ్లలో తిరుగుతుంటాయి. కొత్తగా చేసినవి దుకాణంలో బిల్లుతో కొనుక్కోవడం మేలు. అంగడి పక్కనే తెల్లటి గుమ్మటం సాంతా ఎంగ్రాసియా. పదిహేడో శతాబ్దంలో పునాది వేస్తే 1966లో పూర్తయింది. ఎప్పటికీ తెమలని పనిని పోర్చుగీసువాళ్లు ఇప్పటికీ ‘సాంతా ఎంగ్రాసియా పని’ అంటారు.

రాత్రి ఫాదు పాట వినాలంటే ముందే టేబుల్ బుక్ చేసుకోవాలి. భోజనంతో కలిపి కనీస ఖర్చు ఎంతో బుక్ చేసేటప్పుడే అడగండి, బిల్లు దగ్గర గొడవ ఉండదు. పాట సాధారణంగా తొమ్మిది ప్రాంతంలో మొదలవుతుంది. దీపాలు తగ్గించగానే మాటలు ఆపేయాలి, వడ్డన కూడా ఆగిపోతుంది. పాట మధ్యలో ఫోను వెలిగిస్తే పక్క టేబుల్ నుంచి ‘ష్’ అని వినబడుతుంది.

బైషా: పంజరాల వీధులు

దీనికి పూట చాలు. నది ఒడ్డున ప్రాసా దు కొమెర్సియు చౌక్‌లో మొదలుపెట్టి, కమాను దాటి రువా అగుష్తా మీదుగా రొస్సియు దాకా నడవండి, అంతా చదునే. పొద్దున తీసిన నీలి బొమ్మ ఇప్పుడు బయటికి తీయండి: రాజప్రాసాదం ఉన్న చోటే ఈ చౌక్. స్థానికులు నేటికీ దీన్ని తెరైరు దు పాసు, అంటే రాజభవనం ముంగిలి అనే పిలుస్తారు.

ఇక్కడి ఇళ్లలో బయటికి కనిపించనిదే అసలు విశేషం. తర్వాత పొంబాల్ మార్క్విస్‌గా పేరుకెక్కిన మంత్రి ఆధ్వర్యంలో కట్టిన ఈ మేడల గోడల లోపల చెక్కతో నేసిన చట్రాలున్నాయి. వాటిని గయోలా అంటారు, అంటే పంజరం. నేల కదిలితే చెక్క వంగి ఊగుతుంది, గోడ మొత్తంగా కూలదు. నమూనా కట్టి చుట్టూ సైనికులతో కవాతు చేయించి పరీక్షించారని చెబుతారు. ఈ ఊరి పునాదులు చూడాలంటే రువా దుష్ కొర్రెయైరుష్‌లో ఒక బ్యాంకు కింద ఉన్న తవ్వకాల మ్యూజియంకు వెళ్లండి. ప్రవేశం ఉచితం, గైడుతో బృందాలుగా పంపుతారు, ముందే చోటు అడిగి ఉంచుకోవాలి. రోమన్ల కాలం నాటి చేపలు ఊరవేసే తొట్లు, వాటి పక్కనే మేడను మోస్తున్న చెక్క దుంగలు కనిపిస్తాయి.

వీధి పేర్లు కూడా చదువుకుంటూ నడవండి: బంగారపు వీధి, వెండి వీధి, చెప్పులు కుట్టేవాళ్ల వీధి, బట్టల వర్తకుల వీధి. ఏ వృత్తివాళ్లకు ఆ వీధి కేటాయించారన్నమాట.

రువా అగుష్తాలో నల్ల కళ్లద్దాలు అమ్మేవాడు దగ్గరికొచ్చి గుసగుసగా మత్తుసరుకు కావాలా అంటాడు. చాలాసార్లు అది నొక్కి ముద్ద చేసిన బిరియానీ ఆకు లాంటి ఆకే. వద్దని చెయ్యూపి నడక ఆపకుండా సాగిపోండి.

తిండి

రెస్టారెంట్లో కూర్చోగానే రొట్టె, ఆలివ్‌లు, వెన్న తెచ్చి పెడతారు. అది మర్యాద కాదు, కువేర్త్ అని దానికి ధర ఉంటుంది. ముట్టుకోకపోతే బిల్లు వేయకూడదు. అక్కర్లేదనుకుంటే వెంటనే వెనక్కి పంపేయండి.

శాకాహారులు నేర్చుకోవాల్సిన మాట ‘సెం’, అంటే లేకుండా. సెం కార్న్ అంటే మాంసం లేకుండా, సెం పైష్ అంటే చేప లేకుండా, సెం ఓవు అంటే గుడ్డు లేకుండా. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే చేప వచ్చే ప్రమాదం ఉంది. ఆకుకూర సూపు కాల్దు వెర్ద్ పచ్చగా చూడముచ్చటగా ఉంటుంది గానీ అడుగున సాసేజి ముక్క తేలుతుంది. పాష్తెల్ దె నాతా అనే కస్టర్డు బిళ్లలో గుడ్డు పచ్చసొన ఉంటుంది, గుడ్డు తినేవాళ్లు దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడిగా ఉండగా తినండి. ఊరట ఏమిటంటే పోర్చుగీసు వంటలో కొత్తిమీర ధారాళం. ఏ సూపర్‌మార్కెట్లో అయినా కట్టలు కట్టి అమ్ముతారు. పప్పు, బియ్యం, పచ్చిమిర్చి కావాలంటే మర్తీం మొనీజ్ దగ్గర రువా దు బెంఫర్మోజులో మనవైపు, బంగ్లా, నేపాలీ కొట్లు వరసగా ఉన్నాయి. పూర్తి శాకాహార భోజనానికి తెల్యైరష్ వైపున్న రాధాకృష్ణ మందిరపు క్యాంటీన్ ఉంది. దాన్ని నడిపే హిందూ సమాజంలో ఎక్కువమంది మొజాంబిక్ మీదుగా వచ్చిన గుజరాతీలు. తాళీ భోజనం, ఉప్పూ కారం మన నోటికి పడతాయి.

భాష గురించి ఒక పిట్టకథ లాంటి నిజం. తలుపు మీద రాసి ఉన్న పోర్చుగీసు మాట ‘పుష్’ అని వినబడుతుంది, కానీ దాని అర్థం లాగమని. అద్దాల తలుపును తోసి తోసి నవ్వులపాలయ్యేవాళ్లు రోజూ ఉంటారు. మరోవైపు తెలుగువాళ్లకు తెలిసిన మాటలూ తగులుతాయి: మెష్త్రె మన మేస్త్రి, బుతావ్ మన బొత్తాం, తువాల్య మన తువ్వాలు, అననాష్ మన అనాస, లైలావ్ మన వేలం. ఓడల్లో వచ్చి మన ఇళ్లలో స్థిరపడ్డ మాటలివి.

బెలెం: ఆ ఓడలు బయల్దేరిన రేవు

ప్రాసా దా ఫిగైరా నుంచి 15 నంబరు ట్రాము, లేదంటే కైష్ దు సొద్రె నుంచి కష్కైష్ వైపు రైలు. రైలు చాలా త్వరగా చేరుస్తుంది, కాకపోతే మామూలు 24 గంటల పాసు చెల్లదు, సాపింగ్ కార్డు వాడండి. సోమవారం ఇటు రావద్దు. జెరోనిముష్ మఠం ఆ రోజు మూసేస్తారు. సోమవారం కోటకో, చేపల అక్వేరియంకో పెట్టుకోండి, అవి వారమంతా ఉంటాయి.

మఠం దగ్గర జనం తప్పు క్యూలో నిలబడుతుంటారు. చర్చికి ఒక వరస, లోపలి చావడికి టికెట్టుతో ఇంకో వరస. చావడి టికెట్టు ముందే సమయంతో సహా ఆన్‌లైన్లో తీసుకోండి. చర్చిలోకి అడుగుపెట్టగానే ఒక పక్క వాస్కో డ గామా సమాధి, ఇంకో పక్క కవి కమోయిష్ సమాధి. 1497 జులై 8న ఈ రేవు నుంచే గామా బయల్దేరి మర్నాటి ఏడు మే 20న కాలికట్ చేరాడు. 1524లో కొచ్చిలో చనిపోతే మొదట అక్కడి చర్చిలోనే పూడ్చారు, తర్వాత ఎముకలు ఇటు తెచ్చారు. కొచ్చి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఖాళీ సమాధి చూసినవాళ్లకు ఇది దాని రెండో సగం. ఈ రాళ్ల మీది నగిషీకి డబ్బు వచ్చింది మిరియాల వ్యాపారపు పన్ను నుంచి. 1502లో అదే గామా మక్కా యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించిన సంగతి సమాధి మీది శిల్పం చెప్పదు. అది మనం గుర్తుంచుకుని చూడాలి.

నది ఒడ్డున 1960 నాటి నావికుల స్మారకం ముందు నేల మీద పెద్ద రాతి దిక్సూచి, దాని మధ్య ప్రపంచ పటం. మన తీరం దగ్గర 1498 వెతకండి. బెలెం గోపురం మరమ్మతుల కోసం 2025లో మూశారు. తెరిచి ఉన్నా మా సలహా బయటినుంచి చూడమనే. లోపలి మెట్లు ఒక మనిషి పట్టేంత, పైకి కిందికి వంతులవారీగా వదులుతారు, వేచి ఉండేదే ఎక్కువ.

కొత్త కట్టడాల రుచి ఇక్కడే మొదలవుతుంది. అదే ఒడ్డున తూర్పుకు పది నిమిషాలు నడిస్తే మాట్ మ్యూజియం, 2016లో తెరిచారు. పాత కరెంటు కేంద్రం పక్కన తెల్ల పలకల అల లాంటి కప్పు. ఆ కప్పు మీద ఊరికే ఎక్కి నడవొచ్చు, టికెట్టు లోపలికే. లోపలికైతే మంగళవారం సెలవు. తిరుగు ట్రాములో కాల్వారియు స్టాపులో దిగితే ఎల్‌ఎక్స్ ఫ్యాక్టరీ. 1846 నాటి బట్టల మిల్లు ఆవరణ, ఇప్పుడు పుస్తకాల కొట్లు, తినుబండారాలు, గోడల నిండా రంగులు. నెత్తిమీద ఏప్రిల్ 25 వంతెన. తుమ్మెదల గుంపు లాంటి హోరు వినిపిస్తే భయపడకండి, ఇనుప జాలీ మీద కార్ల టైర్ల చప్పుడది.

పార్క్ దష్ నసోయిష్: కొత్త పేట

దీన్ని ఆఖరి రోజుకు ఉంచండి. విమానాశ్రయం నుంచి ఎర్ర లైనులో మూడో స్టేషనే ఓరియెంత్. బెలెం, బైషాల నుంచి వచ్చేవాళ్లు 728 నంబరు బస్సెక్కితే నది వెంటే పాత రేవుల మీదుగా కొత్త పేట దాకా తెస్తుంది. నిదానం, కానీ ఊరు మారడం కిటికీలోంచి చూడొచ్చు.

చమురు శుద్ధి కర్మాగారం, కబేళా, ఆయుధాల గోదాములు ఉన్న మురికి ఒడ్డు ఇది. 1998 మే 22 నుంచి సెప్టెంబరు 30 దాకా జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం మొత్తం తుడిచి కట్టారు. గామా ప్రయాణానికి 500 ఏళ్లు నిండిన సందర్భమది. అందుకే వంతెన, షాపింగ్ మాల్, గోపురం అన్నిటికీ అతని పేరే. మాల్‌కు అటూ ఇటూ నిలిచిన జంట మేడలు సావ్ గాబ్రియేల్, సావ్ రఫాయెల్ అతని ఓడల పేర్లు.

ఓరియెంత్ స్టేషన్‌లో మెట్రో దిగగానే మాల్‌లోకి వెళ్లిపోకండి. ముందు పైన రైలు ప్లాట్‌ఫారాల దాకా ఎక్కండి. ఆర్కిటెక్టు శాంతియాగో కలత్రావా గీసిన కప్పు అక్కడుంది: ఇనుప చెట్లు కొమ్మలు కలుపుకుని అద్దాల పందిరి వేసినట్టు. అందం అందమే, వాన ఏటవాలుగా కొడితే మాత్రం కింద నిలబడ్డవాళ్లు తడుస్తారు. తర్వాత మాల్ లోంచి నేరుగా నడిచి నది వైపు బయటపడండి. కుడివైపు పోర్చుగల్ పెవిలియన్. ఆర్కిటెక్టు ఆల్వరు సీజా రెండు భవనాల మధ్య కాంక్రీటును ఆరేసిన దుప్పటిలా వేలాడదీశాడు. దాని మందం 20 సెంటీమీటర్లు మాత్రమే, లోపల ఉక్కు తాళ్లు మోస్తున్నాయి. అంచు దగ్గర నిలబడి పైకి చూస్తే కాంక్రీటు ముగిసి తాళ్లు మాత్రమే కనిపించే చోటు ఉంది, అది వెతకండి.

ఇంకాస్త ముందుకు చేపల అక్వేరియం ఓసియనారియు. మధ్యలో 50 లక్షల లీటర్ల తొట్టి ఒకటే, ఏడు మీటర్ల లోతు. షార్కులూ టేకు చేపలూ రెండు అంతస్తుల్లోనూ కిటికీల ముందు తిరుగుతాయి. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. వారాంతం మధ్యాహ్నం పిల్లల బండ్లతో నిండిపోతుంది, పదింటికి తెరవగానే వెళ్లడం మంచిది. కింది అంతస్తులో జనం పల్చబడేది భోజనవేళ.

బయటికొచ్చాక తాడు మీద నడిచే కేబుల్ కారు దక్షిణపు చివర పక్కనే ఉంది. ఒకవైపు టికెట్టే తీసుకోండి. పైనుంచి ఉత్తరానికి వెళ్లి, నడిచి వెనక్కి రావడం బాగుంటుంది. దూరం కిలోమీటరు చిల్లర, అంతా చదును, చక్రాల కుర్చీకి, మోకాళ్ల నొప్పులవాళ్లకు లిస్బన్ మొత్తంలో ఇంత సుఖమైన నడక ఇంకెక్కడా లేదు. గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారు, టికెట్టు కొనేముందు పెట్టెలు కదులుతున్నాయో లేదో చూసుకోండి. ఉత్తరపు చివర నుంచి వాస్కో డ గామా వంతెన నది మీద సన్నగా సాగిపోతూ కనిపిస్తుంది. వెనక్కి వచ్చే దారిలో గార్సియా దె ఓర్తా తోటలు. గోవాలో ఉండి మన మందు మొక్కల గురించి రాసి, 1563లో అక్కడే అచ్చు వేయించిన వైద్యుడి పేరది.

నీడ తక్కువ, నది గాలి ఎక్కువ. వేసవిలో టోపీ, మిగతా కాలాల్లో మెడ కప్పే గుడ్డ ఉంచుకోండి. జూన్‌లో తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది, డిసెంబరులో ఐదుంపావుకే పొద్దు వాలుతుంది. మెట్రో ఉదయం ఆరున్నర నుంచి రాత్రి ఒంటిగంట వరకే. తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్లు టాక్సీ ముందురోజు రాత్రే మాట్లాడి పెట్టుకోండి.